తిథి దొరకని మనిషి

బస్రాలో ఏరు రోజుకి రెండుసార్లు వెనక్కి నడుస్తుంది.
గల్ఫు పొంగితే చాలు,
షత్ అల్ అరబ్ వచ్చిన దారినే తిరుగుమొహం పడుతుంది.
"మన పనీ అదే కదా" అంది నాజిహా.

నలుగురం.
బహ్రెయిన్ కస్టమ్స్‌లో రిటైరైన దుర్ మొహమ్మద్,
బలూచీ తాత దిగిన రేవు కోసం ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నాడు.
మస్కట్ నుంచి ఏలియామ్మ,
భూతద్దం, దగ్గుమందు, ఉప్పు బిస్కెట్లు ఆవిడ సంచీలోనే.
ఈ ఊళ్ళో భూగోళం చెప్పిన నాజిహా.
నేను,
ఫర్వానియా ఆసుపత్రిలో నెత్తురు గొట్టాల మీద
పేర్ల చీటీలు సరిచూసేదాన్ని.

మా ఇంటి చీటీ ఒకటి ఖాళీ.
యుద్ధానికి కూలీగా సోంపేటలో రైలెక్కిన ముత్తాత
రెండు మనియార్డర్లయ్యాక పలకలేదు.
తిథి తెలీదు గనక
మహాలయ అమావాస్య నాడు
ఎవరికీ గుర్తులేని వాళ్ళందరితో కలిపి
ఆయనకీ ఒక ముద్ద.
తాత డెబ్బై ఏళ్ళు పెట్టాడు. ఇప్పుడు నాన్న.
"కువైట్‌కి దగ్గరేనట గదా, ఆ తేదీ ఒక్కటీ సూడమ్మా" అన్నాడు,
సంత నుంచి కరేపాకు తెమ్మన్నంత తేలిగ్గా.

అష్షార్ కాలవ పక్కన
తాళాలు బాగుచేసే కొట్టు మీది గది.
నాజిహా మేనమామ దాచిన రేవు ఖాతాలు,
ఒక్కో పేజీ అప్పడంలా విరుగుతుంది.
మూడో రోజు మధ్యాహ్నం:
లచ్చినా. మదరాసీ. కూలీ. 2261.
బగాది లచ్చన్న కావచ్చు.
ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక్క గుర్తు.
ఏలియామ్మ అద్దం తిప్పి "బి" అంది.
దుర్ మొహమ్మద్ "ఎనిమిది" అన్నాడు.
వరస చివర, వేరే చేతిరాతలో,
సొంత కోరికపై విడుదల, బస్రా.

చచ్చిపోలేదు.
తిరిగి రాలేదు, అంతే.
ఖర్జూరం గెలలు మోస్తూనో,
ఎవరి గుమ్మంలోనో చెప్పులు విడుస్తూనో
ఇక్కడ బతికున్న మనిషికి
అక్కడ మేం ముద్దలు పెట్టాం.
కాకి ప్రతిసారీ ముట్టింది.

ఫోన్లో నాన్న చాలాసేపు మాట్లాడలేదు.
"మా నాన్నమ్మకి తెలీకపోడమే మంచిదయ్యింది."
మళ్ళీ నిశ్శబ్దం. ఇంకేం తోచక,
"బువ్వ తిన్నావేటి?"

నాజిహా తలెత్తింది.
"ఏమన్నారాయన?"
అన్నం. మా వైపు పెద్దవాళ్ళూ అలాగే అంటారు.
"మా నాయనమ్మ అనేది," అంది నెమ్మదిగా,
"పిల్లలందర్నీ పిలవడానికి, గరిటెతో గిన్నె మీద కొట్టి:
బువ్వా, బువ్వా.
ఆ మాట ఎక్కడిదో ఇంట్లో ఎవరికీ తెలీదు.
ఆవిడ తండ్రిని వీధంతా అల్ హిందీ అనేవారు.
పేరడిగితే జాసిం అనేవాడట."

దుర్ మొహమ్మద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"పిల్లల మాటలు సాక్ష్యం కావు.
మా దగ్గర నీళ్ళని అంబూ అంటారు,
అందుకు ఏ తాతా అక్కర్లేదు."
నిజమే.
ఒక ఎనిమిది, ఒక బువ్వ.
వీటితో వంశం నిలబడదు.

నెత్తురు అడగొచ్చు.
రోజుకి నూటయాభై గొట్టాలు చూసేదాన్ని.
నాజిహా చెయ్యి బల్ల మీదే ఉంది, మోచేతి మడతలో
నీలంగా, సులువుగా దొరికే నరం.
చూశాను. అడగలేదు.

ఏలియామ్మ రెండు పేర్ల మధ్య
చుక్కల గీత గీసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.
"సిరాతో వద్దు" అన్నాడు దుర్ మొహమ్మద్.
పెన్సిలు ముక్కు విరిగితే మళ్ళీ తనే చెక్కిచ్చాడు.

బయటికొచ్చేసరికి పోటు మొదలైంది.
కాలవలో ఒక ప్లాస్టిక్ సీసా
ఊళ్ళోకి, పైకి, తాపీగా పోతోంది.

ఆ రాత్రి నాజిహా ఇంట్లో చేప, అన్నం.
గరిటె చేతిలోకి తీసుకుంది,
మా ముగ్గురినీ చూసింది,
గిన్నె అంచు దాకా తెచ్చి
చప్పుడు చెయ్యకుండానే వడ్డించింది.