ఖాళీ గళ్ళు

అంకూద్ రేవులో రేడియో గది తలుపు
వానకి ఉబ్బి బిగుసుకుపోయేది.
భుజంతో ఒక్క తోపు తోస్తే గానీ రాదు.
ఐదేళ్ళ సంభావ్యత చదువులో
ఆ తోపు నాకెవరూ నేర్పలేదు.

"దాంతో ఏం చేస్తావే?" అనేది ఎదువినా అత్త,
ఆల్చిప్పలు ఒలుస్తూ, తల ఎత్తకుండా.
బళ్ళో ఖాళీ లేదన్నారు. బ్యాంకులో చూద్దామన్నారు.
రెండు చలికాలాలు చేపల ఫ్యాక్టరీలో తూకం చీటీలు రాశాను.
చేతులకి ఉప్పు, మనసుకి తుప్పు.

ఆ జూన్ రాత్రి
నలుగురితో వెళ్ళిన క్లోరిందా పడవ తిరిగి రాలేదు.
పటం మీద తలా ఒక వేలు పెడుతున్నారు,
ఇక్కడ, కాదు, ఇక్కడ.
చీటీలు ఇచ్చిపోదామని వెళ్ళినదాన్ని, నోరు ఊరుకోలేదు:
"ఎక్కడుందని కాదు,
ఎక్కడ ఉండడానికి ఎంత వీలుందని అడగండి."

పెన్సిలు ఇచ్చారు. గళ్ళు గీశాను.
గాలి, ఆటుపోట్లు, ట్యాంకులో మిగిలిన డీజిల్,
గడికో చిన్న అంకె.
వెతికినా దొరకని గడిలో అంకె తగ్గించాలి,
తగ్గినంతా తక్కిన గళ్ళకి పంచాలి.
పరీక్షలో ఇది ఆరు మార్కుల ప్రశ్న.
నేను నాలుగే తెచ్చుకున్నాను.

రేడియోలో "లేదు" అని వినబడ్డ ప్రతిసారీ
గదంతా కుంగిపోయేది.
నేనొక్కదాన్నే పెన్సిలు చెక్కుకునేదాన్ని:
లేదన్నది ఉత్త మాట కాదు,
లేనిచోటు తెలిసినకొద్దీ
ఉన్నచోటు కాస్త బరువెక్కుతుంది.

మర్నాడు పదకొండింటికి, పదిహేడో గడిలో,
బోల్తాపడ్డ పడవ వీపు మీద ముగ్గురు.
నాలుగోవాడు ఓస్మాన్, వంటవాడు,
నా పటంలో ఇవాళ్టికీ ఏ గడిలోనూ లేడు.
గళ్ళన్నీ కూడితే ఒకటి రావాలి.
అతని దగ్గర నాకు కూడిక కుదరదు.

సోమవారం కెప్టెన్ పిలిచి ఉద్యోగమన్నాడు.
దానికి పేరేమిటో ఆయనకీ తెలీదు.
దరఖాస్తులో "హోదా" అన్నచోట
ఇద్దరం కాసేపు చూసి
ఖాళీగా వదిలేశాం.

పదకొండేళ్ళయింది.
అత్త ఇప్పటికీ అడుగుతుంది, ఏం చేస్తున్నావే అని.
వెతుకుతున్నానంటాను.
"ఏం పారేసుకున్నావు?" అంటుంది,
మరో చిప్ప అందుకుంటూ.

కిందటేడు ఆ తలుపు తీసేసి అల్యూమినియంది పెట్టారు.
వేలు తగిలితే చాలు తెరుచుకుంటుంది.
నా భుజం మాత్రం
ఇంకా నాకంటే ముందే వెళ్తుంది.