ఉంగరానికి వదిలిన సందు

ఆటోనగర్ నాలుగో క్రాసులో, నా షెడ్డు ముందు
ట్రాలీ ఆపి దిగాడు ఏసుపాదం.
"మస్తానన్నా, దీనికి రెండింతల బలం కావాల."
గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలేసుకుని
వారధి ఎక్కుతుంటే
వెనకొచ్చే లారీ హారన్ కొట్టి వెక్కిరిస్తదంట.

బలం అడగడం తేలిక.
నా బల్ల మీద బిల్లుబుక్కు ఎగిరిపోకుండా
ఒక పిస్టన్ ఉంటుంది.
నెత్తిన చిల్లు, అంచులు కరిగి జారిన కొవ్వొత్తి.
ఎవరిదని అడుగుతారు చూసినవాళ్ళు.
బండి ఎవరిదో చెబుతాను.
డీజిలు స్క్రూ ఇంకో పావుచుట్టు తిప్పిన చెయ్యి
ఎవరిదో చెప్పను.

పదకొండు రోజులు పట్టింది.
బోరింగు మిషను దగ్గర కోటిరత్నం
సిలిండరు గోడను వేలిగోటితో తడిమి
"ఇంకో రెండు పాయింట్లుంది" అంటుంది.
మీటరు పెట్టి చూస్తే రెండే.
టర్బో తుక్కులో దొరికింది, ఏదో మినీబస్సుది.
మసి కడిగి ఊదితే గిర్రున తిరిగింది.
ఊపిరికి తిరిగేది ఊపిరిని పెంచుతుందంటే
కరిముల్లా నమ్మలేదు. పదహారేళ్ళ వాడు,
వాడింకా బలమంటే బరువనే అనుకుంటున్నాడు.

కొత్త ఉంగరాన్ని సిలిండర్లోకి జారవిడిచి
పిస్టన్‌తో సమంగా నెట్టి
కొసల మధ్య గేజీ రేకు దూర్చాను.
పుస్తకంలో ఉన్నదానికన్నా కాస్త ఎక్కువే
ఆకురాయి పెట్టాను.
"సందు వదిలితే బలం కారిపోదా అన్నా?"
ఒరేయ్,
రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో
బెంజిసర్కిల్ ఎర్రలైటు కింద నిలబడితే
ఇనుము కూడా ఒళ్ళు విరుచుకుంటుంది.
అప్పుడు కొసలు రెండూ ఢీకొంటే
జరగడానికి చోటుండదు,
తనను పట్టుకున్న గోడనే గీరుతుంది.

మధ్యలో ఏసుపాదం తమ్ముడొచ్చాడు, సెల్‌ఫోన్లో ఏదో చూపించాడు.
"పొగ రావాలన్నా, నల్లగా,
వెనకోడికి దారి కనపడకూడదు."
పొగంటే కాలని డీజిలు నాయనా.
డబ్బులు పెట్టి కొన్నది
సైలెన్సర్లోంచి వీధికి పంచడం.
వాడు మళ్ళీ రాలేదు.

స్టార్టు చేసిన రోజు
స్క్రూడ్రైవర్ మొన బ్లాకుకి ఆనించి
పిడిని పళ్ళ మధ్య కరిచాను.
నా కుడిచెవిని ఈ షెడ్డు ఎప్పుడో తీసేసుకుంది,
ఇప్పుడు ఎముకతో వింటాను.
ఒకటి, మూడు, నాలుగు...
రెండు.
రెండోది కాస్త నసిగింది.
ఇంజెక్టరు కింద రాగి వాషరు మార్చి
మళ్ళీ కరిచాను.

టిక్కీల లెక్కకి ఇసుక బస్తాలు ఎక్కించి
అర్ధరాత్రి దాటాక వారధి మీదికి పోయాం.
"తొక్కు" అన్నాను.
టర్బో సన్నగా ఈలేసింది,
వీపులు సీటుకి అతుక్కున్నాయి.
కింద కృష్ణలో నీళ్ళున్నాయో ఇసుకుందో చూళ్ళేదు,
నా కళ్ళు వేడిముల్లు మీదే.
సగానికొచ్చి అది ఆగింది.
లారీ ఒకటి వెనకపడింది. హారన్ కొట్టలేదు.
"ఇంకా ఉందా అన్నా ఇందులో?"
ఉంది.
"మరి ఇవ్వవేం?"

తిరిగొచ్చేసరికి తెల్లారింది.
బెంజిసర్కిల్ కింద పాలవ్యాన్ల మధ్య ఇరుక్కున్నాం.
అంత బలమూ గొంతు తగ్గించుకుని నిలబడింది.
బళ్ళ మధ్య దారి చేసుకుంటూ ఒక ముసలాయన
మా బానెట్టు మీద చెయ్యి ఆనించి దాటిపోయాడు,
గేదె వీపు మీద వేసినట్టు.

షెడ్డులో బిల్లు రాశాను.
ఏసుపాదం ఐదొందలు తగ్గించమన్నాడు,
మూడొందలు తగ్గించాను.
డబ్బులు లెక్కపెడుతూ
ఆ పావుచుట్టు సంగతి మళ్ళీ ఎత్తాడు.
కాగితం చింపి చేతికిచ్చి
పిస్టన్ని బుక్కు మీద పెట్టాను,
చిల్లు అతని వైపు తిప్పి.
"ఎవరిదన్నా ఇది?"
ఈసారి చెప్పాను.