బల్ల కింది స్ప్రింగు

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది పైడమ్మ
ఎరువు తెచ్చుకున్న నగని మోసినట్టు,
గీత పడకుండా.

కంచరపాలెం సందులో నా కొట్టుకి
స్కూటర్లొస్తాయి, తెప్ప ఇంజన్లొస్తాయి,
వానాకాలం దోమల పొగమిషనొస్తుంది.
ఆకులూదే మిషను రావడం ఇదే మొదలు.

"తాడు లాగితే దగ్గుతాది బాబూ, నిలబడదు.
సోకు తీసీసరికి సచ్చిపోతంది.
బీచిరోడ్డు పార్కులో బాదం సెట్లు పదహారు,
మూడ్రోజులై సీపురుతోనే తుడుస్తన్నాను.
మిషను పాడుసేసినానని కూలాపీసినాడు కాంట్రాక్టరు."

ట్యాంకు మూత తీసి వాసన చూశాను.
పెట్రోలు పులిసిపోయింది, వార్నిషు కంపు.
"కార్బురేటరమ్మా" అన్నాను.
"అంటే ఏటి?"
ఇంజనుకి ముద్ద కలిపిపెట్టే చెయ్యి.
గాలి అన్నం, పెట్రోలు పులుసు.
పులుసు తగ్గితే గొంతు పట్టుకుంటుంది,
ఎక్కువైతే కక్కుకుంటుంది.
ఆమె నవ్వి, టీకని రోడ్డు దాటింది.

ఉప్పుగాలికి రెండు స్క్రూలూ తెల్లగా పూశాయి.
డీజిలు చుక్కలేసి ఒక బీడీ కాలేంత సేపు ఆగాను
(కాల్చలేదు, పక్కన పెట్రోలు).
లోపల డయాఫ్రం అప్పడంలా బిగుసుకుంది.
జెట్టు కన్నంలో సూది మొన కూడా దూరదు,
క్లచ్చి వైరులోంచి ఒక్క పోగు పీకి పొడిచాను.
అప్పుడెగిరింది స్ప్రింగు.

బియ్యపు గింజంత.
చప్పుడైనా చెయ్యలేదు.
పుల్లకి అయస్కాంతం కట్టి బల్ల కింద దేవితే
రెండు వాషర్లు, ఒక సైకిలు గుండు.
అది మాత్రం లేదు.

గుమ్మంలోకి నీడ వచ్చింది.
"ఇది పనికిరాదమ్మా, కొత్తది వెయ్యాలి."
ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట,
ఎక్కడా అడ్డుపడకుండా.

ఫోను కవరు వెనక నుంచి
మడతలు పడ్డ నోట్లు తీసింది, ఆరొందల యాభై.
కుర్రాణ్ణి డాబాగార్డెన్సు పంపాను.
వాడు తెచ్చింది డూప్లికేటే, అసలుది దొరకదు.

గాస్కెట్టు కన్నాలు సరిచూసుకుని బిగించాను,
తప్పితే గాలి దొంగదారిన దూరుతుంది.
కొత్త పెట్రోలు, కొలిచి పోసిన ఆయిలు.
రబ్బరు బుడగ పదిసార్లు నొక్కితే
సన్న గొట్టంలో ఎర్రగా ఎక్కింది.
మూడో లాగుకి అరిచింది మిషను.
కాస్త నత్తి. స్క్రూ పావు చుట్టు తిప్పాను. పోయింది.

పైడమ్మ చేతికిచ్చాను.
ఆ చేతులకి అలవాటు, ఊరికే పట్టుకోలేవు.
గొట్టం నా కొట్టులోకి తిప్పింది.
పదకొండేళ్ళ దుమ్ము బల్ల కిందనుంచి లేచింది,
గుట్కా కాగితాలు, ఇనప రజను, ఒక పాత కరెంటు బిల్లు,
వాటి వెనకే దొర్లుకుంటూ వచ్చి
ఆమె చెప్పుకి తగిలి ఆగింది.

వంగి తీసింది.
"ఇదేటి బాబూ, మెరుస్తంది?"

మిషను హోరు. వినపడనట్టు ఉండిపోవచ్చు.
చెయ్యి చాపి స్విచ్చి ఆపాను.
చెప్పాను.

అరచేతిలో దాన్ని అటూ ఇటూ దొర్లించింది చాలాసేపు.
"తుడిసిన సోటే సముద్రం గాలి మళ్ళీ రాల్సుద్ది.
సూపర్‌వైజరొచ్చి తుడవలేదని రాసుకుంటాడు.
తుడవకుండానే తుడిసీసినానని సెప్పిన రోజులూ ఉన్నాయి నాకు."
అంతే అంది. క్షమించానని అనలేదు.

మజూరీ తీసుకోలేదు నేను.
పాత కార్బురేటరుకి వేరే డయాఫ్రం వేసి, స్ప్రింగు కూర్చి,
గుడ్డలో చుట్టి ఇచ్చాను.
"కాంట్రాక్టరుకి చూపించు. కానీ వాడికియ్యకు.
ఇదే అసలుది. ఆ కొత్తది ఆగిపోయిన రోజున తీసుకురా."
"ఆగిపోద్దేటి?"
"ఆగిపోద్ది."

ఆ రాత్రి షట్టరు దించేముందు
పక్కకొట్టులో చీపురడిగి తెచ్చి
వంగి, బల్ల కింద మూలలదాకా ఊడ్చాను.
నడుం పట్టేసింది.