లగేజీ టికెట్

ముందు డోరుకీ వెనక డోరుకీ మధ్య
ఎన్ని అడుగులో నాకు నిద్రలోనూ తెలుసు.
పదహారేళ్లుగా ఆ సందే నా కొలతబద్ద.

కొత్తలో నేరుగా నడిచేదాన్ని.
భుజాన బ్యాగు, చేతిలో మిషను,
ఎవురి మోచెయ్యీ తగిలేది కాదు.
ఇప్పుడు పక్కకు తిరిగి పోతా ఉండా.
ఆ పక్క ముగ్గురి సీట్లు, ఈ పక్క ఇద్దరివి,
నడాన నేను,
రెండు గట్లూ ఒరుసుకొని పారే వానాకాలం వంక మాదిరి.

నలబై ఒకటో ఏట కడుపు నిలిచింది.
పెద్దోడు అప్పటికి పదో తరగతి.
మూడు దినాలు నాతో మాట్లాడలా,
నాలుగో దినం చింతకాయలు తెచ్చి
గూట్లో పెట్టిపొయ్యినాడు.

సెలవు అయిపోయి డ్యూటీకి వొచ్చిన పొద్దు
ఖాకీ కోటు గుండీలు మూడు నా మాట ఇన్లా.
డిపో ముందర చెప్పులు కుట్టే నాదముని
బ్యాగు బెల్టుకు ఇంకో బొక్క కొట్టి
"ఇదే ఆఖరుమ్మా, ఇంగ తోలు లేదు" అన్న్యాడు.

పెద్దోడు పుట్టినప్పుడు ఇంత కత లేదు.
అప్పుడొచ్చిన బరువు బాడుగకున్నోళ్ల మాదిరి
మూడు నెలలకే మూటాముల్లె సర్దుకొని పొయ్యింది.
ఇప్పుడొచ్చింది
పునాది తొవ్వి, గోడ లేపి,
నా నడుం చుట్టూ సొంతిల్లు కట్టుకుంది.

"పాలు పడాలంటే తినాల" అని
వెల్లుల్లి కారంలో నెయ్యి పోసి పోసి పెట్టిన నోటితోనే
మా యత్త అంటాది,
"ఏందే, ఇట్ట ఊరినావు!"

మెసానికల్ గ్రౌండుకు పొయ్యినా,
ఇంకా తెల్లారని జామున.
నాలుగో చుట్టుకే రవిక తడిసింది.
చెమట అనుకున్యా.
కాదు.
ఆడ ఇంట్లో పాప లేచినట్టుంది,
ఈడ పాలకు తెలిసిపొయ్యింది.
కొంగు కప్పుకొని ఇంటిదాకా ఉరికినా.
నా జన్మలో అంత బిరీన ఎప్పుడూ ఉరకలా.
దాన్ని ఏ లెక్కలో రాసుకునేది?

సంగటి ముద్ద సగం చేసినా.
సగం ముద్ద పళ్లెంలో కూర్చోని
మిగతా సగం యాడంటా నన్నే చూస్తాది.
ఊరుబిండి ఒక్కటే నాతో సరిగ్గా ఉంది.

పూతలపట్టులో ఒక ముసిలామె ఎక్కింది,
రెండు గంపలు తోతాపురి కాయలు.
లగేజీ టికెట్టు కొడతానంటే ఒప్పుకోదు.
"బరువుందవ్వా, రూలు" అన్న్యా.
కిందనుంచి పైదాకా నన్ను చూసి
"మరి నీకు ఎవురు కొడతారమ్మే టికెట్టు?" అనింది.

బస్సంతా గొల్లుమనింది.
డ్రైవరు మొగిలప్ప అద్దంలో నన్ను చూడకుండా
రోడ్డునే చూస్తా నవ్వినాడు.
కోపం వొస్తాదేమో అని ఒక్క నిమిషం ఆగినా.
రాలా.
ముందు కడుపు నవ్వింది,
కుదుపుకు పాలక్యాను అదిరినట్టు,
ఆనక నేను.
అవ్వ గంపను కాళ్ల సందుకు లాక్కొని
నాకు దోవ ఇచ్చింది.
టికెట్టు మాత్రం కొట్టినా.

నెలాఖరుకు రెండు తూకాలు అయినాయి.
తిరుపతి బస్టాండులో
లైట్లు మిణుకుమిణుకుమనే మిషను నన్ను తూచింది:
అర కేజీ తగ్గినా.
అంగన్‌వాడీలో పాపను జోలె కట్టి తూచినారు:
నాలుగు వందల ఇరవై గ్రాములు పెరిగింది.

క్యాష్ అప్పజెప్పేటప్పటి అలవాటు,
వేళ్ల మీద లెక్కేసినా.
ఎనబై గ్రాములు షార్టు.
డిపోలో అయితే జీతంలో పట్టుకుంటారు.

పోనీలే.
అవి పాకాల క్రాసుకు ముందర యాడో
ఆ నవ్వులో జారి పడుంటాయి.