లెక్క

ఓవాకా దాటి పక్కదారి పట్టగానే తారు అయిపోతుంది.
చక్రాల కింద కంకర మొదలవగానే
మెరేనియా అద్దం దించుతుంది.
ఇక ఈ దారి ఆమె చెవులది.
కళ్లకి పొర కమ్మి ఇది మూడో వేసవి.
బండి నాది, డీజిల్ ఆమెది,
ఒడిలో రూళ్ల నోటు పుస్తకం.

"ఎడమకేముంది?"
గాలి ఒకే వైపుకి దువ్విన చెట్లు.
"అవి నాకు తెలుసు. కొత్తవి చెప్పు."
కొత్తవంటే,
గొర్రెల మందలో దారి తప్పిన ఎర్రముక్కు సముద్రపు పిట్ట.
నాచు మీద దొర్లి దొర్లి
పొట్ట ఎండబెట్టుకుంటున్న సీల్ పిల్లలు.
వంతెన దగ్గర మాత్రం నేను చెప్పక్కర్లేకపోయింది:
రోడ్డుకి అడ్డంగా సముద్ర సింహం,
తడి గోనెసంచి వాసన,
విందు తిన్న వియ్యంకుడి గురక.
ఇంజన్ ఆపేశాను. ఫ్లాస్కులో టీ పంచుకున్నాం.
వెనకాల పాల ట్యాంకరు వచ్చి ఆగింది.
అతనూ హారన్ కొట్టలేదు,
దిగి సిగరెట్ ముట్టించాడు.
నలభై నిమిషాలకి దానికే బుద్ధి పుట్టి
గడ్డిలోకి ఒళ్లీడ్చుకుంటూ పోయింది.

అందుకే ఆలస్యం.
చెక్క గుడిసె చీలికలోంచి చూస్తే
అలలకప్పటికే రాగి రంగు.
పసుపు కళ్ల పెంగ్విన్లు,
ఆమె మావోరీలో హోయిహో, అంటే అరిచేవి,
మనిషి జాడ లేకుంటేనే ఒడ్డెక్కుతాయి,
పొదల్లో పిల్లల నోటికి చేప అందించడానికి.
ఆమె లెక్క మొదలెట్టిన ఏడు
ఈ ఒక్క తిన్నె మీదే ముప్పై ఆరు.
మొదటి పేజీలో ఉంది, గుండ్రటి చేతిరాతలో.
కిందటేడు ఐదు.

ఒకటి వచ్చింది.
నురగలోంచి లేచి, రెక్కలు వెనక్కి పెట్టి,
అప్పు అడగడానికొచ్చినవాడిలా
అడుగేసి, ఆగి, అటూ ఇటూ చూసి.
తర్వాత అలలు.
తర్వాతా అలలే.
చీకటి పడింది.

"ఎన్ని, ఫెర్గస్?"
"మూడు," అన్నాను.

ఆమె పెన్ను కదపలేదు.
"గులకరాళ్ల మీద ఒక్క జత కాళ్లే విన్నాను.
సముద్రం దగ్గరే లేనివి నువ్వెక్కణ్ణించి తెస్తావు?
లెక్కలో జాలి కలపకు."

వేలితో గీత తడుముకుని
ఒకటి వేసింది.
అది గీత దాటి, పేజీ అంచు దాటి,
నా చొక్కా చేతి మీద ఆగింది.

తిరుగుదారిలో హెడ్‌లైట్లు తగ్గించి నడిపాను.
వంతెన దగ్గర నెమ్మదించాను.
"ఏముందక్కడ?"
ఏమీ లేదనబోయి,
"తడి మరక," అన్నాను. "బండంత."

"అయితే," అంది మెరేనియా,
"దాన్ని చుట్టి పోనీ."