చింతగింజల లెక్క

కనిగిరిలో బండెక్కేటప్పుడు
నా ఖాకీ చొక్కా ఎడం జేబులో ఇరవై చింతగింజలుంటాయి.
కుడి జేబు ఖాళీ.

టికెట్ల మిషను అందర్నీ ఎరుగును.
పెద్దోళ్ళకు ఫుల్లు, బడి పిలకాయలకు అర,
ఆడోళ్ళకు సున్నా టికెట్టన్నా చుట్టలోంచి వస్తుంది.
అయిదేళ్ళు నిండని బిడ్డకు కాగితమే లేదు.
ఒళ్ళో ఎక్కుతారు, చంకనెక్కుతారు,
చెంగు పట్టుకోని ఎక్కుతారు,
నేను డిపోలో ఇచ్చే లెక్కలోకి మాత్రం ఎక్కరు.

అందుకే బిడ్డ ఎక్కితే ఒక గింజ
ఎడం జేబులోంచి కుడి జేబులోకి.
దిగితే మళ్ళీ ఎడమకి.
ఎవరూ నేర్పలా. ట్రైనింగులో
చిల్లర గురించి చెప్పారు, దొంగనోట్ల గురించి చెప్పారు.

చంకలో బిడ్డకు భయం లేదు.
చెయ్యి పట్టుకున్న బిడ్డకు సగం భయం.
చెంగు పట్టుకున్న బిడ్డతోనే తంటా,
వాడు వదిలేస్తే చీరకు తెలీదు.

ఆ రోజు ఇద్దరు తోడికోడళ్ళు,
నాలుగు సంచులు, నలుగురు పిలకాయలు,
ఒంగోలు పెద్దాసుపత్రికి.
పొదిలి స్టాండులో నీళ్ళకని దిగారు, ఎక్కారు.
రైట్ అనబోయి జేబులో వేళ్ళు పెట్టా.
తొమ్మిది గింజలు.
సీట్ల మధ్య తలలు తడుముకుంటా నడిచా.
ఎనిమిది.
మళ్ళీ ఎనిమిదే.
వంగి సీట్ల కింద చూశా,
ఎవరిదో పాత చెప్పు, అరటి తొక్క.

ఖాదర్ మస్తాను అప్పటికే గేరేశాడు.
"ఆపన్నా."
"ఏంది పెంచలమ్మా, ఇప్పటికే లేటు."
"ఆపమంటున్నా గదా!"

పెద్దామె అంది: నీ కాడ లేడా?
చిన్నామె అంది: నీ కాడే గదా!
ఆ రెండు మాటల మధ్య సందులోంచే
మూడున్నరేళ్ళ కేశవ జారిపోయాడు.

స్టాండులో నాలుగు బళ్ళు, అన్నీ ఒకటే రంగు.
దర్శి బండి వెనక్కొస్తా ఉంది.
దాని వెనక ఏముందో
దాని డ్రైవరుకు కూడా తెలీదు.
విజిలూదుకుంటా ఉరికా.
అదీ ఆగింది.

చెరకు రసం మిషను ముందు నిలబడున్నాడు.
గజ్జెలు కట్టిన చక్రం తిరుగుతుంటే
నోరు తెరుచుకోని చూస్తున్నాడు.
తప్పిపోయానని వాడికింకా తెలియదు.

తల్లి ముందు వీపున ఒకటేసింది,
తర్వాత ముద్దు పెట్టుకుంది, మళ్ళీ ఒకటేసింది.
నేనేం అన్లా.
సింగరాయకొండ తిరనాళ్ళలో ఒక పూటంతా
నా కూతుర్ని పోగొట్టుకున్నదాన్ని.
గౌను ఏం రంగమ్మా అని మైకులో చెప్పే ఆయన అడిగితే
నోరు పెగలనిదాన్ని.
పొద్దున నా చేత్తో తొడిగిన గౌనే.

పెన్ను తీసి వాడి ముంజేతి లోపలివైపు
తల్లి నంబరు రాద్దామన్నా.
తన నంబరు తనకే గుర్తు రాలా ఆమెకు.
తోడికోడలు ఫోనులో వెతికి
ఒక్కో అంకే చెప్పింది.
వాడు కితకితలకు నవ్వతానే ఉన్నాడు,
ఏడు వంకరపోయింది, దిద్దా.

చీమకుర్తి దాటేదాకా గ్రానైటు లారీలు.
కిటికీలోంచి చెయ్యి చాస్తే
ఇంటంత రాయి వేలికి తగిలేటట్టు పోతుంది.
సీటు సీటుకూ పోయి
చిన్న చేతులన్నీ లోపలికి తోసి అద్దాలు జరిపా.
గాలాడట్లేదని ఒక పెద్దాయన గొణిగాడు.
గొణగనీ.

నా జేబు గలగల విన్నాడు కేశవ.
"ఏందవి?"
"మీరే" అన్నా.
ఒకటి తీసి అరచేతిలో పెట్టా.
"ఇది నువ్వు. నోట్లో పెట్టుకోబాకు.
దిగేటప్పుడు నాకియ్యి."
పెట్టానే గాని, ఒంగోలు దాకా
టికెట్లు కొడుతున్నా కన్ను వాడి నోటి మీదే.

ఒంగోలులో తల్లి భుజం మీద దిగాడు,
నిద్రలో, పిడికిలి మూసుకోని.
విప్పబోయి ఊరుకున్నా.
చేతిలో గింజుంది చూసుకోమ్మా అని చెప్పి పంపా.

రాత్రి డిపోలో డబ్బులు సరిపోయాయి,
రూపాయి అటూ లేదు, ఇటూ లేదు.
గింజలు పంతొమ్మిది.
ఆ ఒక్కటీ రాయడానికి
కాగితంలో గడి లేదు.
సంతకం పెట్టి ఇచ్చేశా.