గట్టువార

అమలాపురం కాలేజీ, మేడ మీద చివరి గది.
కిటికీ తీస్తే కాలవ వాసన,
మూస్తే రంపప్పొట్టు వాసన.
ఇరవై నాలుగు తెల్ల ఎలకలకి
పొద్దున్నే నీళ్లు మార్చడం నా పని.

బజర్ మోగుతుంది.
అయిదంకెలు లెక్కపెట్టేలోగా
పెట్టె అడుగున కడ్డీల్లో కరెంటు.
అవతలి అరలోకి దూకితే తప్పుతుంది.
ఆ దూకడం మూడోసారికే వచ్చేస్తుంది, నిన్నమొన్నటి పిల్లలకైనా.
అదే, దూకక్కర్లేదు, ఈ మీట నొక్కు చాలు అంటే మాత్రం
నెల గడిచినా రాదు.
మీట పక్కనే
నాలుగు కాళ్లూ నేలకి కుట్టేసినట్టు కూర్చుంటుంది పదమూడో నంబరు.
మీసం కూడా కదపదు.

"తిండి కోసమైతే ఇదే మీట
పొద్దస్తమానం నొక్కుతుంది కదండీ?" అన్నాను.
సువర్చల మేడం కళ్లజోడు తుడుచుకుంటూ,
"ఆకలికి చేతులుంటాయి నూకరత్నం,
భయానికి కాళ్లే" అంది.
పరుగెత్తడమో, బిగుసుకుపోవడమో, తిరగబడి కరవడమో,
తాతల నాటి నుంచి వచ్చినవి అవేనట.
కొత్తది నేర్పబోతే అవే అడ్డం పడతాయట.
ఆయ్, అన్నాను.

పిల్లిని ఎరగదది.
దాని అమ్మా ఎరగదు, అమ్మమ్మా ఎరగదు.
హైదరాబాదు నుంచి అట్టపెట్టెలో బస్సెక్కి వచ్చిన సంతతి.
అయినా కిటికీ మీదుగా గద్ద నీడ జారిందా,
ఇరవై నాలుగు గూళ్లూ ఒక్కసారే ఊపిరి బిగబడతాయి.

మా నాన్న వెదురు బుట్టలు భుజాన వేసుకుని
దాళ్వా చేలల్లో తిరిగేవాడు.
తోకకింత అని కూలి.
బుట్ట ఎప్పుడూ నడిచేలో పెట్టేవాడు కాదు.
"ఎలక గట్టువారే నడుస్తాదే,
ఒంటికి ఏదోటి ఆనుతూ ఉండాల దానికి" అని
బురదలో మునివేళ్లతో దాని దారి తడిమి చూపించేవాడు.
బతకడానికని పుట్టుకతో తెచ్చుకున్న దారి.
సరిగ్గా ఆ దారి మీదే
వెదురుబద్ద వంచి, తాడు బిగించి, గుప్పెడు నూకలు.
తెల్లారేసరికి బుట్టకొకటి.

తొంభై ఆరు గాలివానకి నాకు ఆరేళ్లు.
కప్పు లేచిపోతోంది, బడి దగ్గరికి పరిగెత్తండి అని
ఎవరో అరుస్తూనే ఉన్నారు.
అమ్మ మాత్రం మూలన గోడకి వీపు ఆనించి
నన్ను కడుపులోకి లాక్కుని కదల్లేదు.
ఆ గోడ నిలిచింది.
పక్కింటి సూరాయమ్మ వాళ్లూ అలాగే కూర్చున్నారు.
వాళ్ల గోడ నిలవలేదు.

నెలాఖరు కాగితంలో మేడం రాయమంది:
పదమూడు, నేర్చుకోలేదు.
రాశాను.
నీళ్లసీసా తీద్దామని గూట్లో చెయ్యి పెడితే
మూలకి పోయి అంటుకుపోయింది.
వేలు ఆనించి చూశాను.
ఒళ్లంతా రాయి.
లోపల గుండె ఒక్కటే పరుగు, ఉన్నచోటే.

గది తాళం వేసి ఇంటికి బయల్దేరాను.
ఆదివారం, దుకాణాలు కట్టేశారు,
మార్కెట్టు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఖాళీ.
నడిమధ్యన నడిచినా అడిగేవాళ్లు లేరు.
గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మా పిల్ల అంది,
"ఏంటమ్మా, ఎడంభుజం నిండా
సున్నం?"